బార్‌కోడు చీటీ: గుణదోష విచారణ

సబ్బు పెట్టె అడుగునను, పాఠ్యపుస్తకపు వెనుక అట్ట మీదను, మందుల పెట్టె ప్రక్కనను నల్లని నిలువు చారల కట్ట ఒకటి కనబడును. దీనిని బార్‌కోడు అందురు. దుకాణములో ఎఱ్ఱని వెలుగు దానిపై పడగానే ధర తెరపైకి వచ్చుట పిల్లలకు సైతము పరిచితమైన దృశ్యమే. చదువుట సంగతి అందరు ఎరుగుదురు గాని, ఆ చారలు అచ్చగుట ఎట్లో ఆలోచించువారు తక్కువ. పెద్ద కర్మాగారములు, గిడ్డంగులు తమ కొనుగోళ్లు, నిల్వలు, అమ్మకములు అన్నిటి లెక్కలను ఒకే సాఫ్ట్‌వేరులో నడుపుకొనును. సరకుకు అతికించు చీటీ కూడ దానినుండియే అచ్చగును. ఈ పద్ధతిలో మెచ్చుకొనదగినది కొంత ఉన్నది; తప్పుపట్టవలసినది అంతకంటె ఎక్కువగా ఉన్నది. బార్‌కోడును కల్పించినవారు అచ్చుయంత్రము చేయు పొరపాట్లను ముందుగా లెక్కలోనికి తీసికొని దానిని నిర్మించిరి. దానిని అచ్చువేయించు సాఫ్ట్‌వేరు ఆ పొరపాట్లను లెక్కలోనికి తీసికొనుట లేదు. దోషమంతయు ఇచ్చటనే పుట్టుచున్నది.

అమెరికాలో నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అను ఇద్దరు 1949 అక్టోబరు 20న ఈ ఊహకు పేటెంటు కోరిరి. 1952 అక్టోబరు 7న అది లభించినది. వుడ్‌లాండ్ మయామీ సముద్రతీరమున ఇసుకలో కూర్చుండి, మోర్సు సంకేతములోని చుక్కలను, గీతలను వ్రేళ్లతో క్రిందికి లాగగా సన్నచారలు, లావుచారలు ఏర్పడినవని ప్రసిద్ధి. అయితే వారు మెచ్చిన రూపము చారల కట్ట కాదు. ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయములు. ఏ ప్రక్కనుండి చూచినను ఒకే తీరుగ చదువవచ్చునని వారి తలంపు.

తలంపు మంచిదే. కాని అచ్చుయంత్రము దానికి ఒప్పుకొనలేదు. కాగితము వేగముగా పరుగెత్తునప్పుడు ఆ దిక్కున సిరా కొంచెము సాగును. వలయము అన్ని దిక్కులకు తిరిగియుండును గనుక ఏదో ఒక ప్రక్క తప్పక చెడును. ఐబీఎం సంస్థలో ఇంజనీరైన జార్జి లారర్ ఈ ఇబ్బందిని గుర్తించి, వలయములను విడిచి నిలువు చారలను తీసికొనెను. కాగితము పరుగెత్తు దిక్కుననే చారను నిలిపినచో సాగిన సిరా చారను పొడవు చేయును గాని లావు చేయదు. 1973 ఏప్రిల్ 3న అమెరికా కిరాణా పరిశ్రమవారి సమితి ఈ రూపమునే ఎన్నుకొన్నది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణములో, ఒక దుకాణమున చూయింగ్ గమ్ పొట్లముపై అది తొలిసారిగా వాడుకలోనికి వచ్చినది. అమెరికా వారిది 12 అంకెల సంకేతము. ఐరోపా దేశముల వారు 1977లో దానిని 13 అంకెలకు పెంచిరి. భారతదేశపు పుస్తకములపైనను, సబ్బు పెట్టెలపైనను కనబడునది ఈ 13 అంకెల రూపమే.

దాని నిర్మాణమును ఒక్కసారి గమనించిన లారర్ ప్రతిభ తెలియును. మొదటి చార అంచునుండి చివరి చార అంచువరకు సరిగా 95 సమాన ప్రమాణములు ఉండును. ప్రతి అంకెకు 7 ప్రమాణములు. వానిలో రెండు నల్లచారలు, రెండు తెల్లఖాళీలు. ఈ విధముగ 12 అంకెలకు 84 ప్రమాణములు. రెండు కొసలలో మూడేసి, నడుమ ఐదు కావలి ప్రమాణములు. మిగిలిన పదమూడవ అంకెకు చారలు లేవు! ఎడమ ప్రక్కనున్న ఆరు అంకెలను వ్రాయుటకు రెండు తీరులు కలవు. ఏ అంకెను ఏ తీరున వ్రాసిరను దానిని బట్టి మొదటి అంకె తేలును. ఉన్న స్థలములోనే ఒక అంకెను దాచిన ఈ ఉపాయము గణితోపాధ్యాయులు తరగతిలో చూపదగినది.

ఇంతకంటె గొప్ప ఉపాయము ఇంకొకటి ఉన్నది. కాగితముపై సిరా వ్యాపించినచో ప్రతి నల్లచార రెండు ప్రక్కలను సమానముగా లావెక్కును. అప్పుడు చార వెడల్పును నమ్ముట ప్రమాదము. కాని ఒక చార ఎడమ అంచునుండి తరువాతి చార ఎడమ అంచువరకు గల దూరము ఏమాత్రము మారదు. రెండు అంచులును ఒకే ప్రక్కకు ఒకే కొలతగా జరిగినవి గదా! అందుచేత చదువు యంత్రము ముఖ్యముగా ఈ అంచునుండి అంచునకు గల దూరములనే కొలుచును. దీనితో తేలనివి రెండు జంటలు మాత్రమే. 1 అంకె 2, 2, 2, 1 ప్రమాణములుగా వ్రాయబడును. 7 అంకె 1, 3, 1, 2 ప్రమాణములుగా. మొదటి రెండును కలిపిన రెంటికిని 4. రెండవది, మూడవది కలిపినను రెంటికిని 4. అందుచేత ఇవి అంచుల దూరములలో ఒక్కటిగానే కనబడును. 2, 8 అంకెల జంటయు అట్టిదే. ఈ జంటలను విడదీయుటకు మాత్రము యంత్రము చార వెడల్పును చూడవలసియుండును. సమానముగా వ్యాపించు సిరాను ఈ లిపి ఓర్చుకొనును. అసమానముగా చెడిన అచ్చును ఓర్చుకొనలేదు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక పరీక్షాంకము. పదమూడు అంకెలలో చివరిది సరకు పేరులోని భాగము కాదు, తక్కినవానికి సాక్షి. ఉదాహరణకు 890123456789 అను పన్నెండు అంకెలను తీసికొనుడు. బేసి స్థానములందలి 8, 0, 2, 4, 6, 8 కలిపిన 28. సరి స్థానములందలి 9, 1, 3, 5, 7, 9 కలిపిన 34. దీనిని 3 చే గుణించిన 102. రెండును కలిపిన 130. దీనిని పదుల సంఖ్యగా చేయుటకు ఇంకేమియు కలుపనక్కరలేదు గనుక పరీక్షాంకము 0. మొత్తము 138 అయియుండిన పరీక్షాంకము 2 అగును. ఈ సంఖ్య మొదటనున్న 890 భారతదేశమునందలి సంస్థవద్ద నమోదైనదనుటకు గుర్తు. ఆ సరకు భారతదేశములోనే తయారైనదనుటకు గుర్తు కాదు. ఈ భ్రమ చాలమందికి కలదు.

ఒక్క అంకె తప్పైనచో పరీక్షాంకము తప్పక పట్టుకొనును. 3 నకు, 10 నకు సామాన్య భాజకము లేదు గనుక. అయితే ప్రక్క ప్రక్క అంకెలు తారుమారైనప్పుడు? 16 బదులు 61 పడినదనుకొనుడు. మొదటి పద్ధతిలో 1 నకు 6 యొక్క మూడింతలు కలిపిన 19. రెండవ పద్ధతిలో 6 నకు 1 యొక్క మూడింతలు కలిపిన 9. భేదము సరిగా 10. సాక్షి నోరు మెదపడు! అంకెల భేదము 5 అయిన ప్రతిచోట ఇదే గతి: 0–5, 1–6, 2–7, 3–8, 4–9. ఒక స్థానము విడిచి ఒక స్థానమున ఉన్న అంకెలు మారినచో ఎన్నటికిని తెలియదు. రెంటి గుణకము ఒకటే గదా. పుస్తకములకు పూర్వము వాడిన పది స్థానముల ఐఎస్‌బీఎన్ సంఖ్యలో 11 చే భాగించు పద్ధతి ఉండెడిది. 11 అవిభాజ్యము, ప్రతి స్థానమునకు వేరువేరు గుణకము. కనుక ఒక్క అంకె తప్పును, ఏ రెండు అంకెల తారుమారును దానికి దొరకక తప్పదు. 2007 జనవరి 1 నుండి పుస్తకములు దుకాణపు పదమూడు అంకెల పద్ధతికి మారినవి. బల్లమీద పుస్తకమును, సబ్బును ఒకే యంత్రము చదువగలుగుట సౌకర్యమే. గణితదృష్టితో చూచిన మాత్రము అది వెనుకకు వేసిన అడుగు.

1981లో వచ్చిన కోడ్ 128 అను సంకేతమునకు ఈ బలహీనత లేదు. దానిలో ప్రతి గుర్తుకు దాని స్థానసంఖ్యయే గుణకము, భాజకము 103 అను అవిభాజ్యసంఖ్య. ప్రక్క ప్రక్క గుర్తులు ఎట్లు మారినను దొరకిపోవును. పైగా అక్షరములను కూడ వ్రాయవచ్చును. గిడ్డంగుల చీటీలలోను, రక్తనిధులలోని సంచులపైనను దీనిని వాడుటకు ఇదియు ఒక కారణము.

లిపి ఇంత జాగ్రత్తగా కట్టబడినది. ఇప్పుడు దానిని వ్రాయు లేఖకుని సంగతి చూడవలెను. వ్యాపార సాఫ్ట్‌వేరులలో ప్రసిద్ధమైనది శాప్. ఐబీఎం సంస్థను విడిచివచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో జర్మనీలో దీనిని స్థాపించిరి. హైదరాబాదు అమీర్‌పేట వీధులలో దీని పేరు గల శిక్షణాలయపు బోర్డులు చూచి ఎందరో తెలుగు యువకులు ఈ విద్య నేర్చిరి గనుక దీనినే ఉదాహరణగా గ్రహించుట తగును. ఇచ్చట చెప్పు దోషములలో పెక్కు ఆ ఒక్కదానివి కావు. ఈ జాతి సాఫ్ట్‌వేరులన్నిటికి వర్తించును.

దాని పాత పద్ధతి ఇట్లుండును. చీటీ నమూనాలో ఒక స్థలమును బార్‌కోడుకై గుర్తింతురు. అచ్చువేయునపుడు సాఫ్ట్‌వేరు చారలు గీయదు. ఆ సంఖ్యకు ముందొక ఆజ్ఞ, వెనుక ఒక ఆజ్ఞ చేర్చి ప్రింటరునకు పంపును. చారలు గీయు పని ప్రింటరుదే. ఏ జాతి ప్రింటరునకు ఏ ఆజ్ఞ పంపవలెనో వేరుగా ఒక పట్టికలో వ్రాసియుంచెదరు. దీని సమర్థకులు చెప్పు మాట తోసివేయదగినది కాదు. ఒక్క సంస్థలో వందలకొలది ప్రింటర్లు, పలు జాతులవి, పలు ఊళ్లలో ఉండును. చీటీ నమూనాను, ప్రింటరు స్వభావమును విడదీసి ఉంచనిచో ప్రింటరు మారినప్పుడెల్ల నమూనాను తిరుగవ్రాయవలసివచ్చును. విడదీయుట తెలివైన పనియే.

కాని విడదీసినవారు ఒక సంగతి మరచిరి. అచ్చునకు ముందు గుమాస్తా తెరపై చీటీని చూచుకొనును. ఈ పాత పద్ధతిలో తెరపై కనబడు చారలు ఆ సంఖ్యవి కావు. స్థలము చూపుటకు పెట్టిన నమూనా బొమ్మ మాత్రమే. సంఖ్య ఏదైనను బొమ్మ అదే. పెండ్లిచూపులకు ఒకరిని చూపి పీటలమీద మరొకరిని కూర్చుండబెట్టినట్లున్నది. ప్రింటరు జాతిని పట్టికలో తప్పుగా వ్రాసినచో చారలకు బదులు వట్టి అంకెలు పడును. లేదా ఆజ్ఞలే అక్షరములుగా అచ్చుపడును. ఇది మేలైన దోషము, ఎందుకనగా కంటికి కనబడును. కనబడని దోషములు వేరే ఉన్నవి.

వానిలో మొదటిది సున్నల దోషము. శాప్ పాత తరములో సరకు సంఖ్యకు 18 స్థానములు ఉండెడివి. 2015లో వెలువడిన తరములో దానిని 40 వరకు పెంచుకొనుటకు వీలు కల్పించిరి. ఎనిమిది అంకెల సంఖ్యను వ్రాసినను లోపల దానికి ముందు పది సున్నలు చేర్చి భద్రపరచును. తెరపై చూపునపుడు సున్నలను తొలగించి చూపును. చీటీ నమూనా వ్రాసినవాడు ఈ తొలగింపును మరచినచో చారలలోనికి పదునెనిమిది అంకెలును పోవును. కోడ్ 128లో అంకెలను రెండేసి చొప్పున కూర్చి ఒక్కొక్క జంటకు 11 ప్రమాణములు ఇత్తురు. ఆరంభపు గుర్తుకు 11, పరీక్షగుర్తుకు 11, ముగింపునకు 13. ఎనిమిది అంకెలకు 79 ప్రమాణములు చాలును; పదునెనిమిదింటికి 134 కావలెను. ప్రమాణము పావు మిల్లీమీటరైనచో మొదటిది సుమారు 20 మిల్లీమీటర్లు, రెండవది సుమారు 33 మిల్లీమీటర్లు. చిన్న చీటీపై ఈ పెరిగిన చారలు ఇరుప్రక్కల ఖాళీని మ్రింగివేయును. ఇరుప్రక్కల పదేసి ప్రమాణముల తెల్లఖాళీ లేనిదే చదువు యంత్రమునకు చారలు ఎచ్చట మొదలైనవో తెలియదు. చీటీ వెడల్పుగా ఉన్నచో ఇంకొక చిక్కు. యంత్రము చక్కగా చదివి, సున్నలతో కూడిన సంఖ్యను ఇంకొక సంస్థ కంప్యూటరునకు అందించును. ఆ కంప్యూటరు అట్టి సరకు లేదనును. చీటీ అంటించినవారు సరకు ఉన్నదందురు, అందుకొన్నవారు లేదందురు. ఇద్దరును అబద్ధమాడుట లేదు.

రెండవది చుక్కల దోషము. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఆసక్తికరమైనది ఇదియే. చీటీల ప్రింటరు సిరాతో గీయదు. వరుసగా పేర్చిన సూక్ష్మమైన వేడిబిందువులు కాగితమునో, మైనపు రిబ్బనునో తాకి చుక్కలు వేయును. సామాన్యమైన ప్రింటరులో మిల్లీమీటరుకు 8 చుక్కలు. అనగా చుక్క 0.125 మిల్లీమీటరు. పదమూడు అంకెల బార్‌కోడునకు నియమితమైన ప్రమాణము 0.33 మిల్లీమీటరు. భాగించిన 2.64 చుక్కలు వచ్చును. ప్రింటరు 0.64 చుక్క వేయలేదు. సాఫ్ట్‌వేరు చారలను బొమ్మగా గీసి పంపినచో ప్రతి అంచును దగ్గరలోని చుక్కకు జరుపవలెను. అంచులు 2.64, 5.28, 7.92, 10.56, 13.2 వద్ద ఉండవలసినవి 3, 5, 8, 11, 13 వద్ద పడును. ఆ లెక్కన మొదటి ప్రమాణము 3 చుక్కలు, రెండవది 2, మూడవది 3, నాలుగవది 3, ఐదవది మరల 2. సమానముగా ఉండవలసిన చారలలో ఒకటి రెండవదానికి ఒకటిన్నర రెట్లు! సిరా వ్యాపించుట అన్ని చారలకు సమానము. ఈ తప్పు చారకొక తీరుగ ఉండును. లారర్ ఉపాయము దీనిముందు పనిచేయదు. ఇక కన్నునకా, అష్టమభాగము మిల్లీమీటరు భేదము ఆనదు. చీటీ నిగనిగలాడుచు చక్కగానే కనబడును.

శాప్‌లో తరువాత వచ్చిన పద్ధతి ఇట్టి బొమ్మ పద్ధతియే. చారలు గీయు శక్తిలేని సాధారణ ప్రింటర్లపై కూడ బార్‌కోడు వేయుటకు అది వీలు కల్పించినది. తెరపై చూపునదియు నిజమైన చారలే. ఇది మేలే. కాని ఆ బొమ్మ ప్రింటరు చేరులోపల ఎవరో ఒకరు కాగితమునకు సరిపడునట్లు దానిని మూడు పాళ్లు కుదించినచో ప్రమాణమునకు, చుక్కకు గల పొందిక అంతయు పోవును.

కొన్ని చీటీల ప్రింటర్లకు స్వంత భాష ఉన్నది. జీబ్రా సంస్థవారి ప్రింటర్ల భాష దీనికి మంచి ఉదాహరణ. దానిలో ప్రమాణము ఇన్ని చుక్కలని పూర్ణసంఖ్యలోనే చెప్పవలెను. రెండున్నర చుక్కలని చెప్పుటకు దారియే లేదు. కనుక చారలు ఎల్లప్పుడు సమానముగా వచ్చును. తప్పు చేయుటకు వీలులేని భాష కంటె మంచి భాష ఏమున్నది? చీటీ నమూనాను ఈ భాషలోనే వ్రాసి శాప్‌లో చేర్చు పద్ధతి కలదు. మూడింటిలో చారల నాణ్యమునకు ఇదియే శ్రేష్ఠము. నిజమునకు ఈ ప్రింటరులో అక్షరములే కష్టము. సరకు పేరు తెలుగులో వేయబోయినచో ప్రింటరులోనున్న అక్షరములలో తెలుగు సాధారణముగా ఉండదు. వేరుగా చేర్చినను ఒత్తులు, గుడులు తమ స్థానములలో కూర్చుండుట అరుదు. అందుచేత తెలుగు పేరును బొమ్మగా పంపుటయే క్షేమము. అక్షరమునకు బొమ్మ, చారకు ఆజ్ఞ: వాడుకలో చాలచోట్ల దీనికి సరిగా తలక్రిందులుగా ఉన్నది.

ఇంత మెచ్చుకొనదగిన ఆ భాషలోనే ఒక నమ్మరాని ఉదారత ఉన్నది. పదమూడు అంకెల బార్‌కోడునకు అది పన్నెండు అంకెలు అడిగి, పదమూడవదానిని తానే లెక్కించును. పన్నెండుకు తక్కువ వచ్చినచో ఎడమ ప్రక్క సున్నలు చేర్చుకొనును. ఎక్కువ వచ్చినచో కత్తిరించును. ఎవరికిని చెప్పదు. గుమాస్తా ఒక అంకెను విడిచి పదకొండే ఎక్కించెననుకొనుడు. ప్రింటరు ముందొక సున్న చేర్చి, ఆ తప్పుడు సంఖ్యకు సరియైన పరీక్షాంకము కట్టి, నిర్దోషమైన చారలు గీయును. ప్రపంచములోని ఏ స్కానరును దానిని తప్పనలేదు. పరీక్షాంకము సంఖ్యతో పాటు పుట్టి, సంఖ్యతో పాటే ప్రయాణము చేసినప్పుడు దానికి సాక్షిత్వము ఉండును. కడపటి గుమ్మము దగ్గర పుట్టించిన సాక్షి అంతకుముందు జరిగినదానికి ఏమి సాక్ష్యము చెప్పగలడు? సాఫ్ట్‌వేరు పదమూడు అంకెలను తనవద్దనే ఉంచుకొని, తానే పరీక్షించి, సరిపడనిచో అచ్చుకు నిరాకరింపవలెను. ఈ పరీక్షకు కావలసిన గణితము పైన చూపినంతే. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగలడు.

ఈ దోషములు దుకాణపు బిల్లుతో ఆగిపోవు. భారతదేశములో 2023 ఆగస్టు 1 నుండి ఎక్కువగా అమ్ముడుపోవు 300 మందుల పెట్టెలపై బార్‌కోడు గాని క్యూఆర్ కోడు గాని ఉండవలెనని నియమము వచ్చినది. మందు పేరు, తయారీదారు, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ మొదలగునవి దానిలో ఉండవలెను. మందుల తయారీకి పేరుగన్న హైదరాబాదు పరిసరములలోని కర్మాగారములకు ఇది దినచర్య. విదేశములకు పంపు పెట్టెల నియమములు ఇంకను కఠినమైనవి.

అట్టి చీటీలలో పలు విషయములను ఒకే చారలవరుసలో గ్రుచ్చుటకు అంతర్జాతీయమైన ఏర్పాటు కలదు. 17 అను గుర్తు వెంట ఆరు అంకెలలో గడువు తేదీ; 10 అను గుర్తు వెంట బ్యాచి సంఖ్య. తేదీకి ఎప్పుడును ఆరు అంకెలే. బ్యాచి సంఖ్యకు ఒకటినుండి ఇరువది అక్షరములవరకు ఎన్నైన ఉండవచ్చును. కనుక బ్యాచి వెనుక ఇంకొక విషయము ఉన్నచో వాని నడుమ కంటికి కనబడని విభాజకపు గుర్తు ఒకటి వేయవలెను. దానిని మరచినచో? బ్యాచి ఏబీ12, గడువు 2028 మార్చి 31 అనుకొనుడు. చారలలో 10, ఏబీ12, 17, 280331 అని వరుసగా పడును. యంత్రము దానిని ఏబీ1217280331 అను ఒకే బ్యాచిగా చదువును. చారలు స్పష్టము, పరీక్షగుర్తు సరి, యంత్రము సంతోషముగా కూయును. కాని పెట్టెకు గడువు తేదీ లేదు. మనుష్యులు చదువుటకు చారల క్రింద అచ్చువేయు వరుసలో 10, 17 అను గుర్తులు కుండలీకరణములలో చక్కగా విడివిడిగా కనబడుచునే ఉండును. ఆ కుండలీకరణములు కంటికి మాత్రమే, చారలలో ఉండవు. కొందరు నమూనాకారులు వానిని కూడ చారలలోనికి ఎక్కించి మరియొక చిక్కు తెచ్చిపెట్టుదురు. వరుసలో బ్యాచిని చివరకు మార్చినచో విభాజకముతో పనియే ఉండదు. ఇంత సులభమైన మందు ఉండగా రోగమును పెంచుకొనుట వింత.

అచ్చు పూర్తియైన తరువాత సాఫ్ట్‌వేరు తన పట్టికలో "పూర్తి" అని వ్రాసికొనును. ఈ మాటకు అర్థము చీటీ చక్కగా వచ్చినదని కాదు. ప్రింటరు దారికి సమాచారము అప్పగింపబడినదని మాత్రమే. రిబ్బను ముడుతపడినను, వేడిబిందువొకటి చచ్చిపోయినను "పూర్తి"యే. చారలు కాగితము నడచు దిక్కునకు సమాంతరముగా ఉన్నచో చచ్చిన బిందువు ఒక చారను నిలువునా కోసివేయును. ఏ ఎత్తున చదివినను ఆ దెబ్బ తప్పదు. అడ్డముగా ఉన్నచో అన్ని చారలమీదుగా సన్నని తెల్లగీత పడును గాని దాని పైనో క్రిందనో చదువవచ్చును. అట్లని అడ్డముగా వేయుదమన్నచో, వేడి వెంటనే చల్లారదు గనుక చారల వెనుక అంచులు అలుకుకొనును. ఏ దిక్కు మంచిదను వాదము ప్రింటరు వేగమును బట్టియు, దాని వయస్సును బట్టియు తేలును. రంగుల సంగతియు అట్టిదే. దుకాణపు స్కానరు వెలుగు సామాన్యముగా ఎఱ్ఱనిది. ఎఱ్ఱని చారలు దానికి తెల్లగా కనబడి మాయమగును. ఎఱ్ఱని గాజుకాగితము కంటికి అడ్డుపెట్టుకొని చూచిన విద్యార్థులకే ఇది తెలియును.

అచ్చును పరీక్షించుటకు పద్ధతి లేకపోలేదు. అంతర్జాతీయ ప్రమాణ సంస్థ 15416 అను సంఖ్య గల నియమావళిలో చారల నలుపుతెలుపుల భేదమును, అంచుల స్పష్టతను, మరికొన్ని గుణములను కొలిచి తరగతులు నిర్ణయించు విధానము ఇచ్చినది. ప్రింటరు నోటివద్దనే చదువు యంత్రమును అమర్చి, చదివిన సంఖ్యను సాఫ్ట్‌వేరులోని సంఖ్యతో పోల్చి, సరిపడని చీటీని అక్కడనే రద్దుచేయు ఏర్పాట్లును ఉన్నవి. మందుల కర్మాగారములు కొన్ని వీనిని వాడుచున్నవి. వ్యాపార సాఫ్ట్‌వేరులో మాత్రము ఇది మొదటినుండి భాగముగా లేదు. డబ్బు పెట్టి వేరుగా తగిలించుకొనవలెను. లెక్కలలో ఒక పైసా తేడా వచ్చిన ఖాతా ముగియనీయని సాఫ్ట్‌వేరు, తాను వ్రాసిన చీటీని చదివి చూచుకొనకపోవుట విమర్శింపవలసిన విషయమే.

1994లో జపానులో డెన్సో సంస్థవారు కల్పించిన క్యూఆర్ కోడు రాగానే ఈ బాధలు తీరునని కొందరి ఆశ. చెడిన భాగమును తిరిగి కట్టుకొను శక్తి దానికి ఉన్నది. అత్యధిక స్థాయిలో సుమారు 30 శాతము చెడినను చదువవచ్చును. 2027 నాటికి దుకాణపు బల్లలు ఇట్టి చతురస్రపు సంకేతములను కూడ చదువగలుగవలెనని అంతర్జాతీయ సంస్థల సంకల్పము. అయితే ఆ శక్తి అంగడిలోను, దారిలోను తగులు గీతలకు, మరకలకు ఉద్దేశింపబడినది. ప్రింటరే దానిలో సగము వాడుకొన్నచో గిడ్డంగి దాటునప్పటికి ఏమి మిగులును? పైగా చెడిన అచ్చు కూడ మొదట చదువబడును గనుక దోషము ఇంకను ఆలస్యముగా బయటపడును. మరచిన విభాజకము సంగతి సరేసరి. చారలైనను, చతురస్రమైనను అది ఒక్కతీరుగనే ముంచును.

ఉపాధ్యాయులు ఒక కొలబద్దతోనే తరగతిలో ఈ విషయమును పరీక్షింపవచ్చును. పెద్ద దుకాణములలో కూరగాయలు, పప్పులు తూచి అంటించు చీటీలు విద్యార్థులచే తెప్పింపవలెను. సాధారణముగా వీనిపై సంఖ్య 2 తో మొదలగును. దుకాణములోపలి వాడుకకు కేటాయించిన సంఖ్యలవి. మొదటి చార ఎడమ అంచునుండి చివరి చార కుడి అంచువరకు కొలిచి 95 చే భాగింపవలెను. నియమిత ప్రమాణమైనచో పొడవు 31.35 మిల్లీమీటర్లు, అనుమతింపబడిన కనిష్ఠము దానిలో 80 పాళ్లు, అనగా సుమారు 25 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు 8 చుక్కల ప్రింటరులో ప్రమాణమునకు 3 చుక్కలైన 35.6 మిల్లీమీటర్లు వచ్చును. 2 చుక్కలైన 23.75, ఇది కనిష్ఠమునకును తక్కువ. మిల్లీమీటరుకు 12 చుక్కల ప్రింటరులో 4 చుక్కలైన 31.7. కొలత వీనిలో ఏదో ఒకదానికి దగ్గరగా వచ్చినచో ఆ దుకాణపు ప్రింటరు ఎట్టిదో విద్యార్థులే చెప్పగలరు. దేనికిని దగ్గర కాక, 31.35 కు సరిగా వచ్చినదనుకొనుడు. అప్పుడు భూతద్దము తీసి, సన్నచారలన్నియు ఒకే వెడల్పున ఉన్నవో లేవో చూడవలెను.